మౌనం హక్కే, అబద్ధం కాదు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఆరోగ్యానికి సంబంధించినవి ఇటీవల ఎక్కువయ్యాయి. వాటిలో రెండు ఉత్తరాలు ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచి అడిగాయి. రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా వాటి సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

మొదటి ఉత్తరం ఒక గృహిణి రాసినది. వయసు 36 సంవత్సరాలు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. ఏడేళ్లుగా మధుమేహం. రాత్రివేళ నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే బాధ. వైద్యుల సలహాపై నాలుగు నెలల క్రితం బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నారు. ఇప్పటికి 27 కిలోలు తగ్గారు. భర్తకు, అత్తగారికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. "ఎవరు అడిగినా, పొద్దున్నే నడుస్తున్నాను, రాత్రిపూట జొన్నరొట్టె తింటున్నాను అని చెప్పమన్నారు అత్తగారు. అలాగే చెబుతున్నాను. ఇది పాపమా? ఉన్నది చెబితే నలుగురూ నవ్వుతారేమో, మా ఆడపడుచు సంబంధాలకు అడ్డం వస్తుందేమో" అని ఆమె ఆవేదన.

రెండవ ఉత్తరం ఒక తండ్రిది. ఆయన కుమార్తెకు 25 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఇదే ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది, సంబంధాలు వస్తున్నాయి. "చెబితే సంబంధం తప్పిపోతుంది, చెప్పకపోతే మోసం అవుతుంది. ఏది ధర్మం?" అని ఆయన అడిగారు.

ఈ రెండు ప్రశ్నలకూ ఒకటే మూలం. నా శరీరం గురించిన సమాచారం ఎవరి సొత్తు? దాన్ని ఎవరికి చెప్పటం నా బాధ్యత, ఎవరికి చెప్పకపోవటం నా హక్కు? ఈ విభజన స్పష్టమైతే సగం భయం తొలగిపోతుంది.

ఇది సిగ్గుపడవలసిన విషయమా?

చెప్పటం, చెప్పకపోవటం గురించి ఆలోచించే ముందు, దాస్తున్నది ఏమిటో తెలుసుకోవాలి. దాస్తున్నది నేరమూ కాదు, పాపమూ కాదు, ఒక చికిత్స.

ఈ చికిత్సలో ప్రధానంగా రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. 'స్లీవ్' అనే పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఉత్పత్తి అయ్యేది తొలగించిన ఆ భాగంలోనే. 'బైపాస్' అనే పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి, దాన్ని నేరుగా చిన్న ప్రేగుకు కలుపుతారు. ఎవరికి ఈ చికిత్స అవసరమో నిర్ణయించటానికి వైద్యులకు కొలమానాలు ఉన్నాయి. బరువును కిలోలలో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. అది 35 లేదా అంతకు మించితే ఇతర జబ్బులు లేకపోయినా ఈ శస్త్రచికిత్సను సిఫారసు చేయవచ్చని 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్యుల సంఘాలు మార్గదర్శకాలు ఇచ్చాయి. ఆసియా వాసులలో తక్కువ బరువుకే మధుమేహం వంటివి వస్తాయి కనుక వారి విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చని కూడా అందులో ఉంది. మొదటి ఉత్తరం రాసిన సోదరి బీఎంఐ 43. ఆమె అందం కోసం ఆసుపత్రికి వెళ్లలేదు. ప్రాణం కాపాడుకోవటానికి వెళ్లారు.

అల్లాహ్ సృష్టిని మార్చటం అవుతుందా అని కొందరు సందేహిస్తారు. కేవలం సోకు కోసం అవయవాలను మార్చుకోవటం వేరు, జబ్బు నయం చేసుకోవటం వేరు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన వేసింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పినట్లు అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ చికిత్స అవసరం కోసం అనుమతి లభించింది. చికిత్సకు ధర్మంలో ఉన్న చోటు అలాంటిది.

"కష్టపడకుండా కత్తితో కోయించుకుని తగ్గింది" అని చులకన చేసేవారూ ఉన్నారు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ద్రవాహారం, ఆ తర్వాత మెత్తని ఆహారం, ఆపైన జీవితాంతం కొద్ది కొద్దిగా నమిలి తినటం ఉంటుంది. విటమిన్ బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి వంటివి ఏళ్ల తరబడి వేసుకోవాలి. మొదటి నెలల్లో జుట్టు కూడా రాలవచ్చు. నియమం తప్పితే తగ్గిన బరువు మళ్లీ పెరుగుతుంది. దీన్ని తేలిక దారి అనేవారు ఆ దారిలో నడవనివారే.

చెప్పకపోవటం వేరు, అబద్ధం వేరు

హజ్రత్ అనస్ (రజి) బాలుడిగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఆయనను ఒక పని మీద పంపారు. ఇంటికి ఆలస్యంగా చేరిన కొడుకును తల్లి ఉమ్మె సులైమ్ (రజి) కారణం అడిగారు. అది దైవప్రవక్త (స) రహస్యం అని ఆ బాలుడు బదులిచ్చాడు. ఆ తల్లి గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తానే కొడుకును హెచ్చరించింది. ముస్లిం హదీసు గ్రంథంలోని ఈ సంఘటనలో ఇద్దరికీ పాఠం ఉంది. బాలుడు చెప్పలేదు, కానీ అబద్ధమూ ఆడలేదు. చెప్పకూడనిది ఉందని నిజాయితీగా చెప్పాడు. తల్లి అడిగింది, కానీ హద్దు తెలియగానే ఆగిపోయింది.

కాబట్టి శరీరానికి జరిగిన చికిత్సను ఊరంతా చాటవలసిన బాధ్యత ఎవరిపైనా లేదు. అల్ హుజురాత్ సూరా 12వ వాక్యం అనుమానాలను, కూపీలు లాగటాన్ని, పరోక్షనిందను ఒకే వరుసలో నిషేధించింది. ఇతరుల గుట్టు తవ్వటం నిషిద్ధమైనప్పుడు, మన గుట్టు మనం కాపాడుకోవటం తప్పెలా అవుతుంది?

అయితే "నడకతో తగ్గాను" అన్న మాట మౌనం కాదు. అది జరగని విషయాన్ని జరిగినట్లు చెప్పటం. ఆమె నడుస్తూ ఉండవచ్చు, జొన్నరొట్టె తింటూ ఉండవచ్చు. కానీ విన్నవారికి కలిగే నమ్మకం మాత్రం 27 కిలోలూ నడకతోనే పోయాయని. తనకు లభించని దానితో కడుపు నిండినట్లు కనబడేవాడిని, అబద్ధపు వస్త్రాల జత ధరించినవాడితో దైవప్రవక్త (స) పోల్చారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మన విషయానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి! చేయని సాధనకు ప్రశంస అందుకోవటం కూడా అటువంటి వస్త్రమే.

ఇందులో మరొక నష్టం ఉంది. దాన్ని చాలామంది గమనించరు. ఆ సోదరి బంధువులలో అదే బరువుతో, అదే మధుమేహంతో బాధపడే మరొక స్త్రీ ఉండవచ్చు. "ఆమె నడిచి తగ్గింది, నువ్వెందుకు తగ్గవు? నీకు నోరు కట్టుకోవటం చేతకాదు" అని ఆ స్త్రీని ఇంట్లోవాళ్లు దెప్పుతారు. ఆమె మోకాళ్ల నొప్పితోనే ఉదయం, సాయంత్రం నడుస్తుంది. ఆరు నెలలకు నాలుగు కిలోలు తగ్గి, లోపం తనదేనని కుమిలిపోతుంది. వైద్యుని దగ్గరకు వెళ్లవలసిన మనిషి వెళ్లకుండా ఆగిపోతుంది. మన నోటి నుంచి వచ్చిన చిన్న అబద్ధం మరొకరి చికిత్సకు అడ్డుగోడ అయిందన్నమాట. మౌనం వల్ల ఈ నష్టం లేదు. అబద్ధం వల్ల ఉంది.

మరి అడిగినప్పుడు ఏమనాలి? పొడవైన వివరణ అవసరం లేదు. "డాక్టర్ల పర్యవేక్షణలో చికిత్స తీసుకున్నాను ఆపా, దువా చేయండి" అనవచ్చు. ఇందులో అక్షరం కూడా అబద్ధం లేదు. ఇంకా తరచి అడిగితే, "వివరాలు నా దగ్గరే ఉండనివ్వండి, ఏమీ అనుకోకండి" అని నవ్వుతూ చెప్పవచ్చు. అడిగినవారు నిజంగా అదే జబ్బుతో బాధపడుతూ దారి వెతుకుతున్నవారైతే, నమ్మదగినవారైతే, అప్పుడు విషయం చెప్పటం మేలు. అది రహస్యం బయటపెట్టటం కాదు, ఒక రోగికి దారి చూపటం.

తప్పక తెలియవలసినవారు

హక్కు గురించి చెప్పుకున్నాం. ఇక బాధ్యత. ఈ విషయం కొందరికి తెలియకపోతే ప్రాణానికే ముప్పు.

మొదటివారు వైద్యులు. ఆపరేషన్ చేసినవారు మాత్రమే కాదు, జ్వరానికి మందిచ్చే వీధి డాక్టరు కూడా. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బైపాస్ అయినవారికి లోపల పుండ్లు కలిగించే ప్రమాదం ఉంది; స్లీవ్ అయినవారు కూడా డాక్టరును అడగకుండా వాడకూడదు. ఆపరేషన్ తర్వాత చక్కెర త్వరగా దిగిపోతుంది కనుక మధుమేహానికి వాడే పాత మోతాదులు అలాగే కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణి అయితే పోషకాల లోపం విషయంలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. బైపాస్ అయిన గర్భిణికి మధుమేహ పరీక్ష కోసం ఒక్కసారిగా గ్లూకోజు నీళ్లు తాగిస్తే కళ్లు తిరగటం, గుండెదడ, విరేచనాలు రావచ్చు. డాక్టరుకు చెబితే వేరే విధంగా పరీక్ష చేస్తారు. వైద్యుని ముందు సిగ్గు పనికిరాదు.

రెండవవారు ఇంట్లో ఉండేవారు. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, గుండెదడ వస్తే అది అజీర్తి అనుకుని సోడా తాగించి పడుకోబెట్టే ఇళ్లు మనవి. అటువంటప్పుడు ఆలస్యం చేయకూడదని తెలిసిన మనిషి ఇంట్లో కనీసం ఇద్దరు ఉండాలి. భర్త ఊళ్లో లేని రాత్రి కూడా వస్తుంది కదా! ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఏ ఆసుపత్రిలో జరిగిందో ఒక కాగితంపై రాసి సంచిలో ఉంచుకోవటం ఇంకా మంచిది. మనం మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ కాగితం మన తరఫున మాట్లాడుతుంది.

మూడవవారు హక్కుదారులు. ఆపరేషన్ కోసం ఎవరి దగ్గరైనా అప్పు తీసుకుంటే, ఇంటి మరమ్మతుకని చెప్పి తీసుకోకూడదు. "వైద్యం కోసం" అంటే చాలు. ఆఫీసు సెలవు చీటీలోనూ అంతే. బీమా దరఖాస్తులో మాత్రం గతంలో జరిగిన ఆపరేషన్ల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్లు రాయాలి. అది ఒప్పందం, ఒప్పందంలో దాపరికం చెల్లదు.

పిల్లల మాట కూడా ఇక్కడే చెప్పాలి. "అమ్మీ ఆసుపత్రికి వెళ్లిందని ఎవరికీ చెప్పకు, నానీ ఇంటికి వెళ్లిందని చెప్పు" అని పిల్లలకు నేర్పటం మన ఇళ్లలో మామూలైపోయింది. ఒక తల్లి తన బిడ్డను, ఏదో ఇస్తానంటూ పిలిచినప్పుడు, ఏమిస్తావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే ఆమె లెక్కలో ఒక అబద్ధం రాయబడేదని ఆయన హెచ్చరించారు. పిల్లలకు "ఇది మన ఇంటి మాట, బయట చెప్పవద్దు" అని నేర్పండి. అది గుట్టు. "ఇలా చెప్పు" అని కల్పించిన మాట నేర్పకండి.

పెళ్లి సంబంధం దగ్గర

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. ధాన్యం కుప్పలో దైవప్రవక్త (స) చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన మనకు తెలిసిందే. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన వర్తకుడిని నిలదీశారు. ఆడపిల్ల సరుకు కాదు. కానీ అవతలివాడి నిర్ణయానికి అవసరమైనది దాచకూడదన్న సూత్రం నికాహ్‌కు మరింతగా వర్తిస్తుంది. ఇద్దరు వ్యక్తులు తనను అడిగినప్పుడు ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) సలహా కోరారు. ఒకరి పేదరికాన్ని, మరొకరి కఠిన స్వభావాన్ని దైవప్రవక్త (స) దాచకుండా చెప్పారు. పెళ్లి సలహాలో నిజం చెప్పటం పరోక్షనింద కిందికి రాదని ధర్మపండితులు దీని ఆధారంగానే వివరించారు.

అమ్మాయికి జరిగిన ఆపరేషన్ లోపం కాదు. రెండేళ్లు గడిచాయి, బరువు నిలకడగా ఉంది. ఆపరేషన్ తర్వాత సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం వద్దని వైద్యులు చెబుతారు. ఆ గడువు కూడా దాటింది. అయినా ఆమె జీవితాంతం కొద్దిగా తింటుంది, మాత్రలు వేసుకుంటుంది, ఏటా రక్తపరీక్షలు చేయించుకుంటుంది. పొట్టపై చిన్న చిన్న మచ్చలు ఉంటాయి. పెళ్లయిన వారంలో ఇవన్నీ భర్తకు తెలిసేవే. అప్పుడు అతడిని బాధించేది ఆపరేషన్ కాదు, తనకు చెప్పలేదన్న సంగతి. దంపతులను ఒకరికొకరు వస్త్రం వంటివారని ఖుర్ఆన్ అభివర్ణించింది. వస్త్రం దాచి ఉంచేది లోకం నుంచి. తొడుక్కున్నవారి నుంచి కాదు.

కాబట్టి చెప్పాలి. ఎప్పుడు, ఎవరికి అన్నది వివేకంతో నిర్ణయించుకోవాలి. మొదటిసారి చాయ్ తాగటానికి వచ్చిన ప్రతి కుటుంబానికీ చెప్పవలసిన పని లేదు. మధ్యవర్తికి అసలే చెప్పనక్కరలేదు. ఆ మాట వారం తిరగకముందే పది ఇళ్లు చుట్టి వస్తుంది. రెండు వైపులా ఇష్టపడి, మాట ఖాయం చేసుకునే ముందు, తేదీ పెట్టకముందు చెప్పాలి. పెళ్లికొడుకుకు, అవసరమైతే అతడి ఇంటి పెద్దలలో ఒకరికి చెప్పాలి. "ఇది మీ దగ్గర అమానతు" అని అప్పగించాలి. వైద్యుని చీటీ చూపించటానికి సిద్ధంగా ఉండాలి. సంబంధం కుదిరినా, కుదరకపోయినా ఆ అమానతు అవతలివారి మెడలోనే ఉంటుంది. ఇది విన్నాక వెనుదిరిగే సంబంధం పెళ్లయిన తర్వాత తిరగబడటం కంటే ముందే వెళ్లిపోవటం మేలు.

మొదటి ఉత్తరంలోని ఆడపడుచు సంగతి ఇంతకంటే తేలిక. వదిన ఆపరేషన్‌కు, ఆ అమ్మాయి పెళ్లికి సంబంధం లేదు. అడిగే హక్కు అవతలివారికి లేదు, చెప్పే బాధ్యత వీరికి లేదు.

దస్తర్‌ఖాన్ దగ్గర, రమజానులో

గుట్టు ఎక్కువగా బయటపడేది విందులలో. వలీమాలో నాలుగు ముద్దలు తిని చేయి ఆపితే, "బిర్యానీ బాగాలేదా? మొహమాటమా?" అని వడ్డించేవారు పళ్లెంలో మరో గరిటె వేస్తారు. ఆ గరిటె ప్రేమతో వేసినదే. కానీ ఆపరేషన్ అయినవారు బలవంతాన తింటే వాంతి అవుతుంది. బైపాస్ అయినవారు షీర్ ఖుర్మా వంటి తీపి ఎక్కువగా తింటే చెమటలు, గుండెదడ వస్తాయి. "ఇంతే తినమన్నారు డాక్టరు గారు" అంటే సరిపోతుంది. ఆతిథ్యం ఇచ్చేవారు కూడా ఒకసారి అడిగి ఊరుకోవటం అలవాటు చేసుకోవాలి.

రమజానులో ఇబ్బంది మరింత. ఆపరేషన్ అయిన కొత్తలో ఒక్కసారిగా నీళ్లు తాగలేరు. రోజంతా గుటకలు గుటకలుగా తాగాలి. అందుకే తొలి నెలల్లో ఉపవాసం వద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. రోగికి ఈ సడలింపు అల్ బఖర సూరా 184, 185 వాక్యాలలోనే ఉంది. తర్వాత శక్తి వచ్చినప్పుడు ఆ రోజాలను పూర్తి చేసుకోవాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యునితోనూ, ఆలిమ్‌తోనూ మాట్లాడి నిర్ణయించుకోవాలి. గుట్టు బయటపడుతుందేమోనన్న భయంతో వైద్యుడు వద్దన్న రోజా ఉండి స్పృహ తప్పటం భక్తి కాదు. "ఆరోగ్య కారణం" అన్న రెండు మాటలు చాలు.

వినేవారి బాధ్యత

ఈ ఉత్తరాలు చదివినప్పుడు నన్ను ఎక్కువగా కలచివేసింది ఆ ఇద్దరి భయం. ఆ భయాన్ని పుట్టించింది మనం. లావుగా ఉన్నప్పుడు నవ్వేదీ మనమే, సన్నబడితే ఏ జబ్బో అని గుసగుసలాడేదీ మనమే. ఆ అత్తగారు అబద్ధం నేర్పటం తప్పే, కానీ ఆమె కూడా మన నాలుకలకు భయపడే నేర్పింది.

హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి హజ్రత్ సఫియా (రజి) పొట్టిదనాన్ని ప్రస్తావించినప్పుడు, ఆ ఒక్క మాటను సముద్రంలో కలిపితే సముద్రమే చెడిపోతుందని దైవప్రవక్త (స) అన్నారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) చెట్టెక్కినప్పుడు గాలికి ఆయన సన్నని పిక్కలు కనబడి కొందరు నవ్వారు. ఆ కాళ్లు ప్రళయదినాన త్రాసులో ఉహద్ కొండకంటే బరువైనవని ఆయన వారికి తెలియజేశారు. ఒకచోట పొట్టిదనం, ఒకచోట సన్నదనం. రెండు చోట్లా ఎదుటివారి శరీరంపై మాటను ఆయన తేలికగా తీసుకోలేదు. మనం మాత్రం ప్రతి పెళ్లిలోనూ సలాం తర్వాత మొదటి మాటగా అదే మాట్లాడుతున్నాం.

మాట్లాడేవాడు అటూ ఇటూ చూసి ఒక విషయం చెబితే అది విన్నవాడి దగ్గర అమానతు అవుతుందని మరో హదీసు తెలుపుతోంది. "ఎవరికీ చెప్పకు" అని అనవలసిన అవసరం కూడా లేదు, ఆ చూపు చాలు. ఎవరైనా సోదరి మనకు తన ఆపరేషన్ సంగతి చెప్పిందంటే మనల్ని నమ్మి ఒక సొత్తు అప్పగించిందని అర్థం. దాన్ని భాబీకి, ఖాలాకు, ఫోన్‌లోని కుటుంబ గ్రూపుకు పంచటం ఆ సొత్తును దోచుకోవటమే.

ఇక ఉత్తరం రాసిన సోదరికి నా సలహా ఇది. జరిగినదానికి తౌబా చేసుకోండి. ఇంతవరకు చెప్పిన ప్రతివారి దగ్గరకూ వెళ్లి వివరించనక్కరలేదు. ఇకపై మాత్రం ఆ మాట ఆపండి. మీ మాట నమ్మి తననుతాను నిందించుకుంటున్న స్త్రీ ఎవరైనా మీ ఎరుకలో ఉంటే, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి నిజం చెప్పండి. మీ పాత డాక్టరుకు ఈ వారమే తెలియజేయండి. ఆ తండ్రికి చెప్పేది: సరైన సమయంలో, సరైన మనిషికి, పూర్తిగా చెప్పండి. మిగిలినదాన్ని అల్లాహ్‌కు వదిలేయండి. మీ బిడ్డ నసీబులో ఉన్నవాడు నిజం విని వెళ్లిపోడు.

అల్లాహ్ మన నాలుకలను అబద్ధం నుంచి, మన చెవులను ఇతరుల గుట్టు నుంచి కాపాడుగాక! రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.